వాటా దైవ నిర్ణయం, వసీయత్ మన బాధ్యత

తండ్రి జనాజాను భుజం భుజం కలిపి మోసిన అన్నదమ్ములే ఏడాది తిరిగేసరికి కోర్టు వరండాలో ఎడమొహం పెడమొహంగా నిలబడడం మన ఊళ్ళలో కొత్త సంగతేమీ కాదు. పుట్టింటి గడప తొక్కడానికి వెనుకాడే అక్కచెల్లెళ్ళు, తాత ఆస్తిలో తమకేమీ రాదని తెలిసి బిక్కమొహం వేసే అనాథ మనుమలు, తాళం పడిన ఇల్లు, కౌలు ఎవరు తీసుకోవాలో తేలని పొలం... మర్హూం వదిలి వెళ్ళింది ఆస్తి. మిగిలింది మాత్రం పగ.

మనకు వారసత్వ నియమాలు లేకపోవడం వల్ల ఇలా జరుగుతోందా? ఎంతమాత్రం కాదు. నమాజును విధించిన దివ్య ఖుర్ఆన్, ఏ పూట ఎన్ని రకాతులు చదవాలో నేర్పే పనిని దైవప్రవక్త (స)కు అప్పగించింది. వారసత్వం విషయంలో మాత్రం సగం, పావు, ఎనిమిదో వంతు, మూడో వంతు, ఆరో వంతు అంటూ లెక్కలతో సహా తానే చెప్పింది. అన్నిసా సూరాలోని 11, 12, 176 ఆయతులు చదివితే ఈ సంగతి తెలుస్తుంది. ఆస్తి దగ్గరకు వచ్చేసరికి మనిషి మనసు ఎటు మొగ్గుతుందో సృష్టికర్తకు తెలియనిది కాదు.

మన ఇళ్ళలో తగాదాలు ఎక్కువగా మూడు రకాల కాగితాల చుట్టూ తిరుగుతున్నాయి. ఒకటి వసీయత్‌నామా, రెండోది హిబానామా, మూడోది వక్ఫ్ లేక ట్రస్టు దస్తావేజు. ఈ మూడూ షరీఅత్ అనుమతించినవే. మూడింటికీ హద్దులు ఉన్నాయి. అల్లాహ్ నిర్ణయించిన వాటాను తగ్గించడానికో, ఎగ్గొట్టడానికో వీటిని వాడుకున్నప్పుడే ఇల్లు రెండుగా చీలుతోంది. ఆ హద్దులు ఏమిటో, మన దేశ చట్టం వాటిని ఎలా చూస్తున్నదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మన తెలుగు జిల్లాల ముస్లింలలో అత్యధికులు హనఫీ మస్లక్‌ను అనుసరించేవారు కాబట్టి ఇక్కడ ఆ ప్రకారమే చెబుతున్నాం. షియా సోదరులకు కొన్ని నియమాలు వేరుగా ఉంటాయి.

పంపకానికి ముందు మూడు పనులు

మనిషి చనిపోయిన మరుక్షణం ఆస్తి మొత్తం వారసులదైపోతుందని చాలామంది అనుకుంటారు. పంపకానికి ముందు వరుసగా మూడు పనులు పూర్తి కావాలి. మొదటిది కఫన్ దఫన్ ఖర్చు. రెండోది మర్హూం చేసిన అప్పులు తీర్చడం. మూడోది ఆయన వసీయత్ చేసి ఉంటే హద్దుకు లోబడి దాన్ని నెరవేర్చడం. ఈ మూడూ పోగా మిగిలినదే వారసుల సొత్తు.

అప్పుల దగ్గర మనవాళ్ళు మరచిపోయే పెద్ద అప్పు ఒకటుంది. అది భార్యకు చెల్లించని మహర్. నికాహ్‌నామాలో రాసుకుని, ఆ తరువాత ఊసెత్తని మహర్ భర్త మెడ మీద ఉన్న రుణమే. అది ముందుగా ఆమెకు చెల్లించాలి, ఆ తరువాతే ఆమెకు వారసత్వ వాటా కూడా ఇవ్వాలి. రెండూ వేరువేరు. జనాజా ముందు నిలబడి మహర్ మాఫ్ చేయమని దుఃఖంలో ఉన్న విధవరాలిని అడిగి తల ఊపించుకోవడం ఆమెను నిర్బంధించడమే అవుతుంది. అప్పు మిగిలి ఉన్న వ్యక్తి జనాజా వస్తే, దాన్ని తీర్చే బాధ్యత ఎవరైనా తీసుకునే దాకా నమాజు చదివించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదన్న సంగతి మనకు హదీసుల్లో కనిపిస్తుంది.

లెక్క ఎలా ఉంటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పెద్దమనిషి చనిపోయాడు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. తల్లిదండ్రులు ముందే గతించారు. మరొక కొడుకు కూడా తండ్రి బతికి ఉండగానే చనిపోయాడు, అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. ఇల్లూ, పొలమూ, బ్యాంకులో సొమ్మూ కలిపి ఆస్తి విలువ 40 లక్షల రూపాయలు.

కఫన్ దఫన్ ఖర్చు, బయటి అప్పులు, భార్య మహర్ కలిపి 4 లక్షలు అనుకుంటే మిగిలేది 36 లక్షలు. అందులో మూడో వంతు వరకు, అంటే 12 లక్షల వరకు, వసీయత్ చేసుకునే హక్కు ఆయనకు ఉంది. ఆయన ఆ 12 లక్షలను అనాథలైన మనుమలకు రాశాడనుకుందాం. ఇక వారసులకు మిగిలేది 24 లక్షలు. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 21 లక్షల్లో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు చొప్పున మొత్తం 7 పాళ్ళు. ఒక్కో కొడుక్కి 6 లక్షలు, ఒక్కో కూతురికి 3 లక్షలు వస్తాయి.

ఇందులో తికమక ఏముంది? పదో తరగతి పిల్లవాడు చేయగలిగిన లెక్క. తల్లి లేక తండ్రి బతికి ఉంటే వారికి చెరి ఆరో వంతు తీయాలి. చనిపోయింది భార్య అయితే, సంతానం ఉన్నప్పుడు భర్తకు నాలుగో వంతు, లేనప్పుడు సగం. కొడుకులు లేక ఒక్క కూతురే ఉంటే ఆమెకు సగం, ఇద్దరూ అంతకు మించీ ఉంటే అందరికీ కలిపి మూడింట రెండు వంతులు. దూరపు బంధువులు వారసులుగా వచ్చే సందర్భాల్లో మాత్రం ఆలిముల సహాయం తప్పనిసరి.

వసీయత్ ఎవరి కోసం?

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మనలో చాలామంది వసీయత్ అంటే పెద్ద కొడుక్కి ఇల్లు, చిన్న కొడుక్కి దుకాణం అని రాసిపెట్టే కాగితం అనుకుంటున్నారు. అది సరికాదు. వారసత్వంలో వాటా ఉన్నవారికి వసీయత్ లేదని దైవప్రవక్త (స) ప్రకటించారు. వాటా ఉన్నవారి సంగతి అల్లాహ్ చూశాడు. వాటా లేనివారి సంగతి చూడడానికి మనకు ఇచ్చిన అవకాశమే వసీయత్.

ఆ అవకాశానికి కూడా హద్దు ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను పరామర్శించడానికి వెళ్ళారు. తనకు ఒక్క కూతురే ఉన్నదనీ, తన సంపదలో మూడింట రెండు వంతులు దానం చేస్తాననీ ఆయన అడిగారు. దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. సగమన్నా వద్దన్నారు. మూడో వంతు చాలు, అదీ ఎక్కువేనన్నారు. వారసులను ఇతరుల ముందు చేయిచాచే స్థితిలో వదిలి వెళ్ళడం కంటే కలిగినవారుగా వదిలి వెళ్ళడమే మేలని బోధించారు.

మన దేశపు న్యాయస్థానాలు కూడా ఇదే నియమాన్ని పాటిస్తున్నాయి. మూడో వంతు దాటిన వసీయత్ గానీ, ఒక వారసునికి అనుకూలంగా రాసిన వసీయత్ గానీ, మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆ ఒప్పుదల రాసిన వ్యక్తి మరణం తరువాత ఇచ్చినదై ఉండాలి. తండ్రి బతికి ఉండగా భయానికో మొహమాటానికో సరేనన్న మాట లెక్కలోకి రాదు. కొందరు ఒప్పుకుని కొందరు ఒప్పుకోకపోతే, ఒప్పుకున్నవారి వాటా మేరకే అది చెల్లుతుంది. షియా ధర్మశాస్త్రం ప్రకారం మాత్రం మూడో వంతుకు లోబడి వారసునికి కూడా వసీయత్ చేయవచ్చు.

పైన చెప్పిన ఉదాహరణలోని ఇద్దరు అనాథ పిల్లల సంగతి మరోసారి చూడండి. తాతకు వేరే కొడుకులు బతికి ఉన్నప్పుడు, ముందే చనిపోయిన కొడుకు పిల్లలకు వారసత్వ వాటా రాదు. షరీఅత్‌పై విమర్శ చేసేవారు తరచుగా ఎత్తి చూపేది ఈ విషయాన్నే. కానీ తాత చేతిలో మూడో వంతు ఉంది. తండ్రి లేని మనుమలకు దాన్ని రాసి వెళ్ళడానికి ఆయనకు ఏ అడ్డూ లేదు. ఆ తాత రాయకుండా వెళ్ళిపోతే తప్పు చట్టానిది కాదు, అశ్రద్ధది. అలా జరిగినా బాబాయిల బాధ్యత తీరిపోదు. పంపకం వేళ బంధువులు, అనాథలు, పేదలు వస్తే వారికీ అందులోంచి కొంత ఇచ్చి మంచిగా మాట్లాడమని అన్నిసా సూరా 8వ ఆయత్ ఆదేశిస్తున్నది. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారని అదే సూరా 10వ ఆయత్ హెచ్చరిస్తున్నది.

ఆడపడుచుల వాటా ఎక్కడ?

ఉహద్ యుద్ధంలో షహీద్ అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) భార్య తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. పిల్లల బాబాయి ఆస్తినంతా తీసేసుకున్నాడనీ, ఆస్తి లేనిదే వీరికి పెళ్ళిళ్ళు కావనీ మొరపెట్టుకున్నారు. ఆ సందర్భంలోనే వారసత్వ ఆయత్ అవతరించిందని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. దైవప్రవక్త (స) ఆ బాబాయిని పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇప్పించారు. మిగిలినది ఆయనను తీసుకోమన్నారు. అంటే వారసత్వ ఆజ్ఞ ఒక తల్లి మొర విని దిగివచ్చిన ఆజ్ఞ. ఆడపిల్ల వాటాను ఎగ్గొట్టేవాడు ఎవరికి ఎదురు నిలుస్తున్నాడో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

మన దేశంలో ఈ హక్కుకు చట్టబలం 1937లో వచ్చిన ముస్లిం పర్సనల్ లా (షరీఅత్) వర్తింపు చట్టంతో లభించింది. ఆచారం పేరు చెప్పి స్త్రీలకు వాటా లేదనే పద్ధతికి అది అడ్డుకట్ట వేసింది. మొదట్లో ఆ చట్టం నుంచి వ్యవసాయ భూమిని మినహాయించారు. ఆంధ్ర జిల్లాలు అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ తెచ్చి ఆ మినహాయింపును తొలగించింది. అయినా పొలం మగవాళ్ళదేననే మాట నేటికీ మన పల్లెల్లో వినిపిస్తూనే ఉంది.

పెళ్ళికి అంత ఖర్చు పెట్టాం కదా, జహేజ్ ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏమిటి అన్నది మరో వాదన. పెళ్ళి ఖర్చు వేరు, తండ్రి మరణంతో వచ్చే వాటా వేరు. ఇచ్చిన సామాను వారసత్వపు బాకీని తీర్చదు. అసలు వారసత్వం మరణంతోనే పుడుతుంది. ముస్లిం ధర్మశాస్త్రంలో కొడుక్కి గానీ కూతురికి గానీ పుట్టుకతో తండ్రి ఆస్తిపై హక్కు ఉండదు. అందుచేత తండ్రి బతికి ఉండగా నాకేమీ వద్దని కూతురి చేత రాయించుకున్న కాగితానికి మామూలుగా విలువ లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కూతురు తగిన సొమ్ము పుచ్చుకుని అలా రాసి ఇచ్చి, దాన్ని నమ్మి తండ్రి నడుచుకున్న సందర్భాల్లో ఆమె తరువాత వాటా అడగడానికి వీల్లేదని సుప్రీం కోర్టు 1973లోనూ, 2011లోనూ చెప్పింది. కాబట్టి సోదరీమణులు ఏ కాగితం మీదా చదవకుండా, తెలిసినవారిని అడగకుండా సంతకం చేయరాదు.

అన్న మీద ప్రేమతో వాటా వదులుకుంటే తప్పా అని కొందరు ఆపాలు అడుగుతారు. మనస్ఫూర్తిగా వదులుకుంటే తప్పు లేదు. అయితే ఆమె వాటాను ముందు లెక్క కట్టి, ఇది నీది అని ఆమె చేతిలో పెట్టాలి. ఆ తరువాత ఆమె తిరిగి ఇస్తే అది కానుక. చేతికి ఇవ్వకుండానే వదిలేసిందని చెప్పుకుంటే దాన్ని ప్రేమ అనలేం.

హిబా: ఇచ్చినట్టు కాదు, నిజంగా ఇవ్వాలి

వసీయత్‌కు మూడో వంతు హద్దు ఉన్నదని తెలిసినవారు కొందరు హిబాను ఆశ్రయిస్తారు. బతికి ఉన్నప్పుడు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనిషి తన ఆస్తిని ఎవరికైనా ఎంతైనా కానుకగా ఇవ్వవచ్చు. అయితే మూడు షరతులు ఉన్నాయి. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకునేవారు ఒప్పుకోవడం, ఆస్తిని వారి స్వాధీనం చేయడం. మూడోది లేనిదే హిబా లేదు. కొడుక్కి ఇల్లు రాసిచ్చానని చెప్పి, అద్దెలు తానే తీసుకుంటూ, పన్ను తన పేరనే కడుతూ, చివరిదాకా తానే యజమానిగా ఉన్న తండ్రి హిబా కోర్టులో నిలవడం కష్టం. తండ్రి తన మైనరు పిల్లలకు ఇచ్చినప్పుడు మాత్రం ఆయనే సంరక్షకుడు కాబట్టి స్వాధీనం మార్చవలసిన అవసరం రాదు.

మరణశయ్య మీద, అంటే మర్జుల్ మౌత్‌లో, చేసిన హిబాను వసీయత్ కొలతతోనే చూస్తారు. అక్కడా మూడో వంతు హద్దు ఉంటుంది, వారసునికి ఇస్తే ఇతరుల ఒప్పుదల కావాలి. ఆసుపత్రి మంచం మీద వేలిముద్రలు వేయించుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

విశాఖపట్నానికి చెందిన ఒక కుటుంబం తగాదా ఈ విషయంలో మనకు పాఠం. అక్కడి ఒక తండ్రి 1968లో ఒక కొడుకు పేర తెల్ల కాగితం మీద హిబానామా రాసి, అదే ఏడాది కన్నుమూశాడు. మిగతా సంతానం పంపకం కోరుతూ కోర్టుకు వెళ్ళారు. రిజిస్టరు కాని హిబానామా చెల్లదని హైకోర్టు అన్నది. షరతులు నెరవేరిన ముస్లిం హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, ఆ కాగితం చెల్లుతుందని సుప్రీం కోర్టు 2011లో తేల్చింది. కాగితం రాసిన నాటి నుంచి తీర్పు దాకా 43 ఏళ్ళు! రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సంతోషించడం కంటే, రిజిస్ట్రేషన్ చేయించి, తోబుట్టువులందరికీ ముందే తెలియజేసి ఉంటే ఎన్ని ఏళ్ళ వ్యధ తప్పేదో ఆలోచించడం మంచిది.

చట్టం సంగతి అలా ఉంచితే, ధర్మం సంగతి ఒకటుంది. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి తన కొడుక్కి ఒక కానుక ఇచ్చి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన (స) అడిగారు. లేదని చెప్పగా ఆ కానుకను వెనక్కి తీసుకోమన్నారు, పిల్లల మధ్య న్యాయంగా ఉండమన్నారు. కోర్టులో చెల్లే హిబా అల్లాహ్ దర్బారులో కూడా చెల్లుతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు.

వక్ఫ్, ట్రస్టు

వక్ఫ్‌కు పునాది వేసినవారిలో హజ్రత్ ఉమర్ (రజి) ఒకరు. ఖైబర్‌లో తనకు దక్కిన విలువైన భూమి గురించి ఆయన సలహా అడిగితే, మూలధనాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. ఆ భూమిని అమ్మరాదు, ఎవరికీ కానుక ఇవ్వరాదు, వారసత్వంగా పంచరాదు అన్న షరతులతో అది వక్ఫ్ అయింది.

తన సంతానానికి రాబడి అందేలా చేసి, చివరికి పేదలకు చెందేలా రాసేది వక్ఫ్ అలల్ ఔలాద్. ఇలాంటి ఒక వక్ఫ్ చెల్లదని, పేదల ప్రస్తావన అందులో పేరుకే ఉన్నదని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1894లో తీర్పు చెప్పింది. దేశంలోని ముస్లింలు తీవ్రంగా కలతచెందారు. మౌలానా షిబ్లీ నుమానీ వంటి పండితులు దీనిపై కృషి చేశారు. కేంద్ర శాసనమండలిలో మహమ్మద్ అలీ జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో చట్టమైంది. చివరి ఫలం పేదలకో, శాశ్వతమైన ధార్మిక కార్యానికో చెందేలా ఉంటే సంతానం కోసం చేసిన వక్ఫ్ చెల్లుతుందని ఆ చట్టం చెప్పింది.

కుటుంబానికి నీడ కావలసిన ఈ ఏర్పాటును కూతుళ్ళను పక్కన పెట్టే కంచెగా వాడుకున్నవారూ ఉన్నారు. 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, వక్ఫ్ అలల్ ఔలాద్ వల్ల స్త్రీలతో సహా వారసుల హక్కులకు భంగం కలగరాదని నిర్దేశించింది. వక్ఫ్ చేయాలంటే ఇకపై రాతపూర్వకమైన దస్తావేజు ఉండాలని కూడా చెప్పింది. ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరు 15న నిలిపివేసింది. ఈ రెండు నిబంధనలు వాటిలో లేవు. ఆ చట్టం మీద సమాజంలో ఎన్ని అభ్యంతరాలు ఉన్నా, ఆడపిల్లల వాటా విషయంలో మనకు చట్టం చెప్పేదాకా ఆగవలసిన అవసరం లేదు. అల్లాహ్ ఎప్పుడో చెప్పాడు.

వసీయత్ ద్వారా గానీ, మరణశయ్య మీద గానీ చేసిన వక్ఫ్‌కు కూడా మూడో వంతు హద్దే. ఒకసారి వక్ఫ్ చేసిన ఆస్తిని వెనక్కి తీసుకోవడానికి ఉండదు. అందుచేత కోపంలో గానీ, ఒక కొడుకు మీద అలిగి గానీ చేయవలసిన పని కాదిది.

ఇటీవల పట్నాల్లో కుటుంబ ట్రస్టుల మాట వినిపిస్తున్నది. ఇవి 1882 నాటి ట్రస్టుల చట్టం కిందికి వస్తాయి. స్థిరాస్తి అయితే రిజిస్టరయిన దస్తావేజు ద్వారా గానీ, వసీయత్ ద్వారా గానీ ట్రస్టు ఏర్పరచాలి. మరణం తరువాత మొదలయ్యే ట్రస్టు వసీయత్ కిందికే వస్తుంది, దానికీ అదే కొలత. పేరు మారినంత మాత్రాన హద్దు మారదు. ట్రస్టీలు ఎవరు, లెక్కలు ఎవరికి చూపాలి, రాబడి ఎవరికి ఎంత, ట్రస్టీ చనిపోతే ఆ స్థానంలో ఎవరు అన్న నాలుగు ప్రశ్నలకు దస్తావేజులో జవాబు లేకపోతే, ఆ ట్రస్టు వచ్చే తరానికి తగాదానే మిగులుస్తుంది.

నిజాం నవాబు కుటుంబం చెప్పే పాఠం

ఆస్తి తక్కువై తగాదా వస్తుందనుకునేవారు హైదరాబాదు వైపు చూడాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన సంతానం కోసం పెక్కు ట్రస్టులు ఏర్పరచారు. ఆభరణాల కోసమే 1951, 1952 సంవత్సరాల్లో రెండు ట్రస్టులు పెట్టారు. ఆయన 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆ ఆభరణాల అమ్మకం ఏళ్ళ తరబడి సాగి, కోర్టుల దాకా వెళ్ళి, చివరకు 1995లో భారత ప్రభుత్వం వాటిని సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది.

లండన్ సొమ్ము కథ ఇంకా పొడవైనది. 1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట బదిలీ అయింది. అది ఎవరి కోసం అక్కడ ఉంచారన్నదే వివాదం. పాకిస్తాన్, భారత ప్రభుత్వం, నిజాం వారసులు ముగ్గురూ తమదన్నారు. సొమ్ము బ్యాంకులో పెరుగుతూ పోయింది, మనుషులు గతిస్తూ పోయారు. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, అప్పటికి సుమారు 3.5 కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము నిజాం మనుమలు ముకర్రం జా, ముఫ్ఫఖం జాలకూ, భారత ప్రభుత్వానికీ చెందుతుందని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది కుటుంబంలోని మరికొందరు తమకూ వాటా ఉన్నదంటూ ముందుకు రాగా కోర్టు ఒప్పుకోలేదు. ఇందులో రెండు దేశాల రాజకీయం కలిసి ఉన్న మాట నిజమే. అయినా సామాన్యునికి ఇందులో ఒక పాఠం ఉంది. ఈ సొమ్ము ఎవరిది, ఎవరి చేతిలో ఎందుకు ఉంచాం అన్న ఒక్క మాట అనుమానానికి తావు లేకుండా రాసి ఉండకపోతే, దాన్ని తేల్చడానికి 71 ఏళ్ళు పట్టింది. తమ్ముడి పేర పొలం కొనే గల్ఫ్ కార్మికుడికి, బావమరిది పేర దుకాణం పెట్టే వ్యాపారికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఎలా రాయాలి?

రాసి ఉంచవలసిన విషయం ఉన్న ముస్లిం, వసీయత్ రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) హితవు చెప్పారు. వసీయత్ రాస్తే చావును పిలిచినట్టు అనే భయం మనది కాదు. ముస్లిం వసీయత్‌కు చట్టం ప్రకారం ప్రత్యేక నమూనా లేదు. నోటిమాట కూడా చెల్లుతుంది. కానీ నోటిమాటను కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. అందుచేత ఈ కొన్ని సంగతులు పాటించాలని మేము కోరుతున్నాం.

1. స్టాంపు పేపరు అక్కర్లేదు. మంచి కాగితం మీద తేదీ వేసి, తెలిసిన భాషలో, సర్వే నంబర్లు, ఇంటి నంబర్లతో స్పష్టంగా రాయండి.

2. ఇవ్వవలసిన అప్పులు, రావలసిన బాకీలు, చెల్లించని మహర్ మొదట రాయండి. చెల్లించని జకాత్, చేయలేకపోయిన హజ్ వంటివి ఉంటే అవీ రాయండి.

3. వసీయత్‌లో లాభం పొందని ఇద్దరు నమ్మకస్తులను సాక్షులుగా పెట్టండి. ప్రయాణంలో మరణం సమీపించినా సాక్షులను పెట్టుకోమని అల్ మాయిదా సూరా 106వ ఆయత్ చెబుతున్నది.

4. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేయిస్తే మేలు. రహస్యంగా ఉంచదలిస్తే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాఖలు చేయవచ్చు.

5. బతికి ఉన్నంత కాలం వసీయత్‌ను మార్చుకోవచ్చు. కొత్తది రాసినప్పుడు పాతది రద్దు చేస్తున్నట్టు అందులోనే రాయండి.

6. బ్యాంకులో నామినీగా పేరు ఉన్నవారు సొమ్ము తీసుకునే హక్కుదారులే, యజమానులు కారు. కంపెనీ షేర్ల విషయంలోనూ సుప్రీం కోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. తీసుకున్న సొమ్మును నామినీ వారసులందరికీ పంచాలి.

తగాదా వస్తే

ముందుగా పంపకాన్ని వాయిదా వేయకండి. తల్లి ఉన్నంత కాలం ఆస్తి కదపరాదనే మాట వినడానికి గౌరవంగా ఉంటుంది. కానీ ఆ తల్లి వాటానే ఆమెకు అందకుండా చేసేది కూడా ఆ మాటే. పొలం ఫౌతీ మార్పిడి చేయించేటప్పుడు, విరాసత్ దరఖాస్తు పెట్టేటప్పుడు కూతుళ్ళ పేర్లు తప్పక చేర్చండి. కాగితాల్లో లేని పేరు పదేళ్ళు గడిస్తే మనుషుల జ్ఞాపకాల్లోంచి కూడా జారిపోతుంది.

వాటాల లెక్క తెలియకపోతే హైదరాబాదు జామియా నిజామియా వంటి సంస్థల దారుల్ ఇఫ్తాకు వారసుల జాబితా రాసి పంపి ఫత్వా తెప్పించుకోవచ్చు. అది మార్గం చూపుతుంది, కానీ అమలు చేయించే అధికారం దానికి లేదు. ఫత్వాకు చట్టబద్ధమైన నిర్బంధం లేదని సుప్రీం కోర్టు 2014లో స్పష్టం చేసింది. అందుచేత పెద్దల సమక్షంలో కుదిరిన ఒప్పందాన్ని రాసుకుని, అవసరమైన చోట రిజిస్టరు చేయించుకోవాలి. లోక్ అదాలత్‌లో రాజీపడితే ఆ ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. ఈ సంగతి ప్రతి సోదరీ తెలుసుకోవాలి, ప్రతి మస్జిదు కమిటీ తెలియజెప్పాలి.

వసీయత్ విన్న తరువాత దాన్ని మార్చినవారిదే పాపమని అల్ బఖరా సూరా 181వ ఆయత్ హెచ్చరిస్తున్నది. వసీయత్‌లో అన్యాయం ఉన్నదని భయపడి, సంబంధికుల మధ్య సర్దుబాటు చేసేవారిపై దోషం లేదని ఆ తరువాతి ఆయత్ ఊరటనిస్తున్నది. అంటే తండ్రి పొరపాటున ఒకరికి ఎక్కువ రాసి వెళితే, ఆ కాగితం పట్టుకుని వేలాడకుండా దాన్ని సరిదిద్దడం ఆ తండ్రికి సంతానం చేయగల సేవ. ఆయన తలమీది భారాన్ని దింపడమే అది.

అన్నిసా సూరాలో వాటాలు చెప్పి ముగించిన చోటే, ఇవి అల్లాహ్ విధించిన హద్దులని చెప్పబడింది. వాటిని పాటించేవారికి స్వర్గం, అతిక్రమించేవారికి నరకం అన్న మాట ఆ వెంటనే వస్తుంది. నమాజు, రోజా విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండే మనం ఈ హద్దుల దగ్గర ఎందుకు మరచిపోతున్నాం? ఈ జుమా నమాజు తరువాత ఇంటికి వెళ్ళి ఒక కాగితం తీసుకుని మన అప్పులు, మన ఆస్తి, మన వారసుల పేర్లు రాసుకుందాం. తండ్రి ఆస్తిలో చెల్లెలి వాటా ఇంకా మన చేతిలో ఉంటే రేపటి దాకా ఆగకుండా ఆమె గడపకు మనమే తీసుకువెళదాం. వాటాదారులకు వాటాలు అందించి, తేలికైన భారంతో తన సన్నిధికి చేరే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.